బెయిలు మంజూరైన తరువాత మిగిలే పని

నేను ఈ పనిలోకి న్యాయం మీద మమకారంతో రాలేదని ముందే ఒప్పుకోవాలి. 2022 ఫిబ్రవరిలో, పన్ను మినహాయింపు కోసం ఉద్యోగులందరూ రసీదులు వెతుక్కునే రోజుల్లో, నేరం ఇంకా రుజువు కాకుండానే జైల్లో ఉన్న విచారణ ఖైదీలకు ఉచితంగా న్యాయ సహాయం చేసే ఒక చిన్న ట్రస్టు గురించి మా ఆఫీసులో ఒక సహోద్యోగి చెప్పారు. 80జీ కింద మినహాయింపు వస్తుందా అని ఒకే ఒక్క ప్రశ్న అడిగి, వస్తుందనగానే పది వేల రూపాయలు పంపి ఊరుకున్నాను. విరాళం పుచ్చుకున్న సంస్థే దాతల వివరాలను ఆదాయపు పన్ను శాఖకు నమోదు చేసి, 10బీఈ అనే ధ్రువపత్రాన్ని మే 31లోగా దాతకు ఇవ్వాలన్న నిబంధన ఆ ఆర్థిక సంవత్సరం విరాళాల నుంచే మొదలైంది. జూన్‌లో రిటర్ను వేయడానికి కూర్చున్నప్పుడు ఆ పత్రం తీసి చూస్తే నా పాన్ నంబరులో ఒక అక్షరం తప్పుగా పడి ఉంది. ఫోను చేశాను. "వీలైతే ఒకసారి రండి సార్, ఎదురుగా కూర్చుని సరిచేద్దాం, మాకూ ఇది కొత్తే" అన్నారు.

వాళ్ళ కార్యాలయం రెండు గదులు. ఒక గదిలో నేల నుంచి పైకప్పు దాకా ఇనుప అరలు, వాటి నిండా నాడాలు కట్టిన ఫైళ్ళు, ప్రతి ఫైలు మీదా పేరుకు బదులు ఒక సంఖ్య. కార్యక్రమాల బాధ్యత చూసే ఆవిడ నా పత్రం సవరించడానికి కంప్యూటరు ముందు కూర్చున్నారు గానీ పోర్టల్ ఎంతకీ తెరుచుకోలేదు. అది మొరాయిస్తున్న ఆ అరగంటలో ఆవిడ తన ముందున్న కాగితం నా వైపు జరిపి, "మీరు అకౌంట్స్‌లో ఉన్నారు కదా సార్, ఈ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో కాస్త చూసి పెడతారా?" అని అడిగారు. లెక్క చూశాను. 611 రోజులు వచ్చింది. దొంగతనం కేసులో అరెస్టయిన ఒక మనిషి విచారణ మొదలు కాకుండానే జైల్లో గడిపిన రోజులవి. అప్పటి శిక్షాస్మృతి ప్రకారం ఆ నేరం రుజువైనా పడగల గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. 2006 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ స్మృతి 436ఏ సెక్షన్ ప్రకారం, గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగానే గడిపిన వ్యక్తిని మామూలుగా సొంత పూచీకత్తు మీద విడిచిపెట్టాలి. మూడేళ్ళలో సగమంటే సుమారు 548 రోజులు. అంటే ఆ మనిషి విషయంలో ఎవరైనా ఈ కూడిక రెండు నెలల ముందే చేసి కోర్టు ముందు పెట్టవలసింది. ఇరవై ఏళ్ళుగా లెక్కలు చూస్తున్న నాకు ఒక కూడిక ఆలస్యం కావడం వల్ల మనిషి జైల్లో ఉండిపోవచ్చునన్న సంగతి అప్పుడే తెలిసింది.

అయినా వెంటనే కరిగిపోలేదు. వృత్తి అలవాటు కొద్దీ వాళ్ళ మూడేళ్ళ ఆడిట్ నివేదికలు అడిగాను. ఏ సంకోచమూ లేకుండా ఇచ్చారు. అడిగిన వెంటనే లెక్కల పుస్తకం చేతికి వచ్చే సంస్థకు సగం మార్కులు అక్కడే వేయవచ్చునని ఇప్పటికీ నా అభిప్రాయం. ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏబీ నమోదు, 80జీ ఆమోదం, వాటి గడువు తేదీలు, ట్రస్టీలకు ఏమైనా చెల్లింపులు జరిగాయా అన్నవన్నీ చూశాను. అన్నీ సక్రమంగానే ఉన్నాయి గానీ ఒక అంకె దగ్గర ఆగిపోయాను. మొత్తం ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు జీతాలే. ఖైదీల కోసం ఇచ్చిన డబ్బు జీతాలకు పోతే ఇక సేవ ఏముందని కాస్త కటువుగానే అడిగాను. "మేము బియ్యం, దుప్పట్లు పంచం సార్. మా దగ్గర పంచడానికి ఉన్నది మనిషి సమయమే" అన్నారావిడ. మాట బాగానే ఉందనిపించింది, నమ్మకం మాత్రం కుదరలేదు. ఆ నమ్మకం కుదరడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఆ జూలైలో వాలంటీరుగా పేరిచ్చాను. రెండు శనివారాలు శిక్షణ ఇచ్చారు. అందులో ఎక్కువ భాగం మేము చేయకూడని పనుల గురించే. న్యాయవాదులం కాము కనుక ఎవరికీ న్యాయ సలహా ఇవ్వకూడదు. ఖైదీ కుటుంబం దగ్గర దారి ఖర్చుతో సహా ఏ పేరుతోనూ రూపాయి తీసుకోకూడదు. మనమే జాలిపడి మన జేబులోంచి వాళ్ళకు ఇవ్వకూడదు కూడా. ఇస్తే ఆ తరువాత వాళ్ళు మనతో నిజం మాట్లాడరు, మనకేది నచ్చుతుందో అది మాట్లాడతారు. కేసు వివరాలు ఇంట్లో కూడా చెప్పకూడదు. ఫలానా రోజు విడుదలవుతాడని ఎవరికీ మాట ఇవ్వకూడదు. ఈ చివరి నియమం విన్నప్పుడు అది చెప్పవలసినంత విషయమా అనుకున్నాను. దాన్ని అతిక్రమించింది నేనే.

శిక్షణలో నేను అడిగిన ప్రశ్న బహుశా ప్రతి దాతా అడిగేదే. ఉచిత న్యాయ సహాయం ప్రభుత్వ బాధ్యత కదా, మధ్యలో మీరెందుకు? 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 39ఏ అధికరణం ఆ మాటే చెబుతుంది. 1987లో చేసి 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి తెచ్చిన న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి, వికలాంగులకు, కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ న్యాయవాదిని కేటాయిస్తుంది, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. మాకు శిక్షణ ఇచ్చిన సీనియరు న్యాయవాది ఇవన్నీ ఒప్పుకుని, ఒక ఫైలు తెరిచి చూపించారు. అందులో న్యాయవాది ఉన్నారు, కేసు వాదించే అధికారం ఆయనకిచ్చే వకాలత్‌నామా ఉంది, బెయిలు ఉత్తర్వు కూడా ఉంది. ఉత్తర్వు వచ్చి నాలుగు నెలలైంది. ఖైదీ మాత్రం జైల్లోనే ఉన్నాడు, ఎందుకంటే జామీను నిలబడవలసిన ఇద్దరు మనుషుల్ని వెతికి కోర్టుకు తీసుకురావడం ఎవరి ఉద్యోగ బాధ్యతల్లోనూ లేదు. ఈ సంస్థ పని చాలావరకు ఆ ఖాళీలోనే జరుగుతుంది. ఆ మాటకొస్తే వీళ్ళు న్యాయసేవాధికార సంస్థకు పోటీ కూడా కారు. మా దరఖాస్తుల్లో సగం అక్కడికే వెళతాయి.

నా వంతు వచ్చిన పని పట్టిక నింపడం. న్యాయసేవాధికార సంస్థ అనుమతితో జైలుకు వెళ్ళి వచ్చిన మా న్యాయవాదులు చేతిరాతతో తెచ్చిన వివరాలను, ఎఫ్‌ఐఆర్ ప్రతిని, కోర్టుల వెబ్‌సైటులో కనిపించే వాయిదా తేదీలను పక్కపక్కన పెట్టి, అరెస్టు తేదీ, సెక్షన్లు, గరిష్ఠ శిక్ష, అభియోగపత్రం దాఖలైన రోజు, బెయిలు ఉత్తర్వు ఉంటే దాని షరతులు, కుటుంబం ఫోను నంబరు, ఇలా పద్నాలుగు గడులు నింపాలి. చెప్పడానికి గుమాస్తా పనే. కానీ ఒకే మనిషి పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఒక రకంగా, రిమాండు రిపోర్టులో మరో రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటుంది. తండ్రి పేరు ఒకచోట ఇంటిపేరుగా మారిపోతుంది. ఊరు పేరుకు ముందు మండలం ఉండదు. చాలామందికి ఇంటి ఫోను నంబరు గుర్తుండదు; సెల్‌ఫోన్లు వచ్చాక నంబర్లు గుర్తుపెట్టుకోవడం మానేశాం కదా, ఆ ఫోనేమో పోలీసుల దగ్గర జప్తులో ఉంటుంది. ఒక శనివారం మొత్తం ఒక్క నంబరు కోసం ఒక గ్రామ సర్పంచి నుంచి కిరాణా కొట్టతనికి, అక్కడి నుంచి ఖైదీ మేనమామకు ఫోన్లు చేస్తూ గడిపాను. సాయంత్రం అయిదింటికి ఆ నంబరు గడిలో పడినప్పుడు కలిగిన తృప్తి, ఏడాది లెక్కలు పైసాతో సహా సరిపోయినప్పుడు కూడా నాకు కలగలేదు.

2024 జూలై 1న నేర విచారణ స్మృతి బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చి 436ఏ స్థానంలో 479వ సెక్షన్ చేరింది. అంతకు ముందు ఎన్నడూ శిక్ష పడని, తొలిసారి నేరారోపణ ఎదుర్కొంటున్న వారికి సగం కాలం బదులు మూడో వంతు గడిస్తే చాలని కొత్త నియమం. ఇది పాత కేసుల్లో ఉన్నవారికి కూడా వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేయడంతో మా పట్టిక మొత్తం తిరగరాయవలసి వచ్చింది. పైకి ఎంతో ఉదారంగా కనిపించే ఈ సెక్షన్‌ను పట్టికలో పెట్టి చూస్తే గాని దాని ఇరుకు తెలియదు. మరణశిక్షగానీ యావజ్జీవంగానీ పడగల నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ నేరాల్లోనో కేసుల్లోనో విచారణ సాగుతున్న వారిని కూడా ఇందులోంచి మినహాయించారు. నిందితుడి వల్ల జరిగిన జాప్యాన్ని లెక్కలోంచి తీసివేయాలి. నేను ఉత్సాహంగా తయారు చేసిన మొదటి జాబితాలో నలభై ఒక్క పేర్లుంటే, మా న్యాయవాది ఎర్ర పెన్ను పట్టుకుని చదివాక తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిదీ దరఖాస్తులుగా వెళ్ళాయి.

ఇక జామీను సంగతి. 1978లో మోతీరాం కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు మాకు శిక్షణలో చదివి వినిపించారు. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీ మేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిలిస్తే, కింది మేజిస్ట్రేటు పది వేల రూపాయల జామీను అడిగారు. అతని సోదరుడు పూచీ ఉంటానంటే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించారు. అది తప్పని సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది, బిహార్ జైళ్ళలో ఏళ్ళ తరబడి మగ్గుతున్న వారి గురించి పత్రికలో వచ్చిన కథనాల ఆధారంగా న్యాయవాది కపిలా హింగోరాణీ వేసిన హుస్సేనారా ఖాతూన్ వ్యాజ్యంలో, సత్వర విచారణ జీవించే హక్కులో భాగమని జస్టిస్ పి.ఎన్. భగవతి నేతృత్వంలోని ధర్మాసనం తేల్చింది. ఇవి చదివి చరిత్ర అనుకున్నాను. 2023లో నా చేతికొచ్చిన మూడో ఫైలులోనే మోతీరాం మళ్ళీ కనిపించాడు, పేరు మాత్రమే వేరు. ఇద్దరు జామీనుదారులు కావాలి, ఇద్దరూ స్థానికులై ఉండాలి, ఇంటి పన్ను రసీదుగానీ పట్టాదారు పాసుపుస్తకంగానీ ఉండాలి. వలస వచ్చి కూలి చేసుకునే మనిషికి పన్ను రసీదున్న స్థానిక స్నేహితులు ఇద్దరెక్కడ దొరుకుతారు?

దొరకని చోట ఏం జరుగుతుందో కోర్టు ఆవరణలో కాసేపు నిలబడితే తెలుస్తుంది. డబ్బు పుచ్చుకుని ఎవరికైనా పూచీ నిలబడే మనుషులు, వాళ్ళను కుదిర్చే దళారులు మన పక్కకు వచ్చి మెల్లగా మాట్లాడతారు. మా సంస్థ ఆ దారి తొక్కదు, కుటుంబాలను తొక్కనివ్వదు. దొంగ జామీను బయటపడితే ఖైదీ మళ్ళీ లోపలికి పోతాడు, ఈసారి మరో కేసుతో కలిపి. అందుకు బదులుగా చేసేది షరతులు సడలించమని దరఖాస్తు వేయడం. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు మాకు ఇందులో పెద్ద ఆసరా. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెల రోజుల్లో జామీను సమర్పించలేకపోతే కోర్టు తనంతట తానే షరతుల మార్పును పరిశీలించవచ్చు. స్థానిక జామీనే కావాలన్న పట్టుదల కూడదు. అదే ఏడాది కేంద్ర హోంశాఖ తెచ్చిన పేద ఖైదీల పథకం కింద జామీను మొత్తం కట్టలేని విచారణ ఖైదీకి మొదట 40,000 రూపాయల దాకా ప్రభుత్వమే ఇచ్చే వీలు కల్పించారు. ఇంత మంచి ఉత్తర్వులు ఉండగా ఫైళ్ళెందుకు కదలవని మొదట్లో ఆవేశపడేవాణ్ణి. ఉత్తర్వు తనంతట తాను నడిచి వెళ్ళదు. దాన్ని ప్రింటు తీసి, సంబంధిత పేరా కింద గీత గీసి, దరఖాస్తుకు జతచేసి, కేసు పిలిచే వేళకు కోర్టు హాల్లో ఉండే మనిషి ఒకరు కావాలి.

నేను నియమం తప్పిన సంగతి ఇక్కడ చెప్పాలి. 2023 మార్చిలో ఒక యువకుడి షరతులు సడలించి, కోర్టు సొంత పూచీకత్తు మీద విడుదలకు ఉత్తర్వు ఇచ్చింది. నేను పనిచేసిన ఫైళ్ళలో అదే మొదటి విజయం. ఆ ఉత్సాహంలో, అడగకపోయినా, అతని తల్లికి ఫోను చేసి శుక్రవారం మీ అబ్బాయి వచ్చేస్తాడమ్మా అని చెప్పేశాను. ఆవిడ రెండు బస్సులు మారి వచ్చి శుక్రవారం పొద్దున్నుంచి జైలు గేటు ముందు కూర్చున్నారు. సాయంత్రం లాకప్ వేళ దాటాక నాకు ఫోను వచ్చింది. "బాబూ, అందరూ వచ్చేశారు, మావాడే రాలేదు. లోపల ఏమన్నా అయిందా?" అన్నారు. ఏమీ కాలేదు. వేరే జిల్లా స్టేషనులో అతని మీద ఇంకో కేసు ఉందని, అతన్ని తన ముందు హాజరుపరచమని ఆ కోర్టు జైలుకు పీటీ వారెంటు పంపిందని, కనుక ఈ కేసులో విడుదల ఉత్తర్వు వచ్చినా మనిషిని వదలరని మాకు మరునాడు తెలిసింది. నా పట్టికలోని "ఇతర కేసులు" అన్న గడిలో నేనే "లేవు" అని రాసి ఉన్నాను. ఖైదీ లేవన్నాడు, నేను రాసుకున్నాను, సరిచూడలేదు.

మా కార్యక్రమ బాధ్యురాలు నన్ను తిట్టలేదు. ఆ గడిలో ఇకపై మూడు మాటలే రాయాలని చెప్పారు: ఉన్నాయి, సరిచూశాం లేవు, సరిచూడలేదు. ఆ తల్లికి జరిగింది చెప్పే పని మాత్రం నాకే అప్పగించారు. చెప్పాను. ఆవిడ కోప్పడి ఉంటే తేలికగా ఉండేది. "మీరు మా కోసమే తిరుగుతున్నారు, మీ తప్పేముంది" అన్నారు. రెండో కేసులో బెయిలు రావడానికి మరో ఏడు వారాలు పట్టింది. అప్పటి నుంచి నేను ఏ కుటుంబంతో మాట్లాడినా కోర్టు ఏమన్నదో చెబుతాను, ఏ రోజన్నది చెప్పను.

జీతాల సంగతి తరువాత చెబుతానన్నాను. 2023 వేసవిలో ఒక పెద్ద సంస్థ మా ట్రస్టుకు ఇస్తున్న మూడేళ్ళ గ్రాంటు ముగిసింది. పొడిగింపు రాలేదు. ఇద్దరు యువ న్యాయవాదుల్లో ఒకరు మానుకోవలసి వచ్చింది. వాలంటీర్లం ఎక్కువ గంటలు పనిచేసి నెట్టుకొద్దామని నేనే ధైర్యం చెప్పాను. నేర విచారణ స్మృతిలో అప్పటి 167(2) సెక్షన్ ప్రకారం, నేరం తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసులు అభియోగపత్రం దాఖలు చేయకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది. ఇప్పుడు అదే నియమం కొత్త చట్టం 187వ సెక్షన్‌లో ఉంది. అయితే అభియోగపత్రం దాఖలయ్యేలోగా ఆ హక్కును కోరుతూ దరఖాస్తు వేయాలి. ఆలస్యమైతే హక్కు చేజారుతుంది. మా పట్టికలోని ఒక భవన నిర్మాణ కూలీకి 60 రోజుల గడువు ఒక మంగళవారం ముగిసింది. ఆ వారం కోర్టు పనులన్నీ మిగిలిన ఒక్క న్యాయవాది మీదే ఉన్నాయి. వాలంటీర్లం శనివారం వచ్చాం. ఆ గడి ఎర్రగా మారి ఉండడం నేను చూసింది శనివారం పదకొండు గంటలకు. సోమవారం దరఖాస్తు తీసుకువెళితే, అభియోగపత్రం శుక్రవారమే దాఖలైందని కోర్టు గుమాస్తా చెప్పారు. ఆ మనిషి మామూలు బెయిలు మీద బయటికి రావడానికి మరో నాలుగు నెలలు పట్టింది.

బుధవారం పొద్దున ఆ పట్టిక చూడడమే ఉద్యోగంగా ఉన్న మనిషి ఒకరుంటే ఆ నాలుగు నెలలు ఉండేవి కావు. ఆ మనిషి జీతాన్నే నేను ఏడాది కిందట ఆడిట్ నివేదికలో వేలు పెట్టి చూపించి ప్రశ్నించాను. అంతవరకూ ఏడాదికోసారి, ఫిబ్రవరిలో, ఫలానా పనికే వాడాలని రాసి ఇచ్చే విరాళాన్ని ఆ నెల నుంచే మార్చుకున్నాను. ఇప్పుడు ప్రతి నెలా 5వ తేదీన బ్యాంకు నుంచి దానంతట అదే వెళుతుంది, ఏ షరతూ లేదు. మొత్తం పెద్దదేమీ కాదు. కానీ వచ్చే నెల ఇంత వస్తుందని తెలిస్తేనే ఎవరినైనా ఉద్యోగంలోకి తీసుకోగలరు. ఒకేసారి వచ్చిపడే లక్ష రూపాయలతో ఆ పని కాదు.

మిగిలిన దాతల్ని కూడగట్టే బాధ్యత కూడా కొంత నెత్తిన వేసుకున్నాను గానీ అందులో నా నైపుణ్యం అంతంత మాత్రం. ఒకాయన పాతిక వేలు నగదుగా ఇచ్చి 80జీ రసీదు అడిగారు. రెండు వేలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు రాదని చెబితే చెక్కు పుస్తకం తెస్తానని వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. మా అన్నయ్య కొడుకు అమెరికా పౌరుడు. ఎంతో ఇష్టంగా డబ్బు పంపుతానంటే వద్దని చెప్పవలసి వచ్చింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదైన సంస్థే అటువంటి డబ్బు పుచ్చుకోగలదు, అది కూడా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతా ద్వారానే; మా ట్రస్టుకు ఆ నమోదు లేదు. భారత పౌరసత్వం వదులుకోని ప్రవాసులు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. బాబాయ్, నేనూ పరాయివాణ్ణేనా అని వాడు నవ్వాడు గానీ కాస్త నొచ్చుకున్నాడని నాకు తెలుసు. ఇంకొందరు, నా డబ్బుతో ఫలానా మనిషి విడుదలయ్యాడని చెప్పండి, వీలైతే ఫొటో పంపండి అంటారు. వాళ్ళ కోరికలో దురుద్దేశం లేదు. ఒక విడుదల వెనుక జెరాక్సులు, సర్టిఫైడ్ కాపీలు, బస్సు చార్జీలు, రద్దయిన వాయిదాలు, ఆరుగురు మనుషుల మధ్యాహ్నాలు ఉంటాయి, వాటిని ఒక దాత పేరున విడదీయడం కుదరదు. ఫొటో సంగతి సరేసరి. జైలు గేటు ముందు ఎవరూ ఫొటో దిగాలనుకోరు.

నేరస్థులకు సాయమా అని అడిగేవారికి నా దగ్గర పదునైన జవాబు లేదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022 చివర మన జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే ఆ కేసుల్లో నేరం ఇంకా రుజువు కానివారే అని చెబుతాను. అంకె విని కొందరు ఆలోచిస్తారు, కొందరు ఆలోచించరు. నాకూ ఇబ్బంది కలిగిన సందర్భం ఉంది. ఒక ఫైలులో చిన్నపిల్ల మీద జరిగిన అఘాయిత్యం వివరాలు చదివి ఆ రాత్రి నిద్రపట్టక, ఈ ఫైలు నాకు వద్దని మరుసటి వారం చెప్పాను. మా న్యాయవాది దాన్ని మారుమాట లేకుండా వెనక్కి తీసుకుని మరొకరికి ఇచ్చారు. "మీకు వద్దనిపిస్తే వద్దు సార్. లాయరు లేకుండా విచారణ జరగకూడదు, అంతే మా పట్టింపు" అన్నారు. నేను ఆ మాటతో ఏకీభవిస్తాను. ఆ ఫైలు మాత్రం ఈనాటికీ నేను ముట్టుకోలేదు.

నాతో పాటు శిక్షణ పొందిన పదకొండు మందిలో ఇప్పటికి మిగిలింది ముగ్గురం. వెళ్ళిపోయినవారిలో ఎక్కువమంది న్యాయ విద్యార్థులు. సర్టిఫికెట్టు వచ్చాక పరీక్షలు, తరువాత ఉద్యోగాలు. వాళ్ళను తప్పుపట్టను. కానీ ప్రతి కొత్త వాలంటీరుకూ పని నేర్పడానికి జీతం తీసుకునే ఒక మనిషి కనీసం నాలుగు పూటలు వెచ్చించాలి. రెండు నెలలకే మానేసేవారు తాము ఏదో ఇచ్చామనుకుంటారు గానీ నిజానికి సంస్థ దగ్గర పుచ్చుకునే వెళతారు. నెలకు ఒక్క పూటే వీలవుతుందని, అయితే ఆ పూట తప్పకుండా వస్తానని చెప్పే మనిషి వాళ్ళకు ఎక్కువ ఉపయోగం. అంతకు మించి ఖాళీ లేనివారు డబ్బు ఇవ్వడమే మేలు, అందులో చిన్నతనమేమీ లేదు.

కిందటేడు మా ఆఫీసులో లెక్కలు వేసుకుని నేను కొత్త పన్ను విధానంలోకి మారాను. అందులో 80జీ మినహాయింపు లేదు. మారిన నెల కూడా 5వ తేదీన విరాళం వెళ్ళింది. 10బీఈ పత్రం ఈ ఏడాది మేలో వచ్చింది, పాన్ నంబరు సరిగ్గానే ఉంది, దానితో నాకిప్పుడు పనిలేకపోయినా పాతవాటితో కలిపి ఫైలులో పెట్టాను. మొన్న శనివారం నా పట్టికలో కొత్తగా ఆరు పేర్లు చేరాయి. వాటిలో నాలుగింటికి "ఇతర కేసులు" గడిలో ప్రస్తుతానికి "సరిచూడలేదు" అని రాసి ఉంది. ఒకతనికి 60 రోజుల గడువు వచ్చే గురువారంతో ముగుస్తుంది. తిరిగి నియమించిన యువ న్యాయవాది శుక్రవారం పదిన్నరకు కోర్టులో ఉంటానన్నారు. దరఖాస్తు టైపు చేసి, సంతకాల కోసం అరలో పెట్టి ఉంది.